షెల్టర్‌లో మంచం ఖాళీగా ఉన్నా ఫుట్‌పాత్ మీదే ఎందుకు పడుకుంటారు?

"ఇల్లు లేని పేదలు" అనే మాట మన దగ్గర రోజూ వినబడుతుంది గానీ, అది రోడ్డు మీద పడుకునేవాళ్ల గురించి కాదు. అద్దె ఇంట్లో ఉంటూ సొంతిల్లు కోసం ఎదురుచూసేవాళ్లని అలా అంటారు, పథకాలూ వాళ్లని చూసే రాస్తారు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల మొదటి విడత 5 లక్షల సాయం సొంత జాగా ఉన్నవాళ్లకే. అంటే ఇల్లు రావాలంటే జాగా ఉండాలి, జాగా ఉందని చూపాలంటే కాగితం ఉండాలి, ఆ కాగితం వానకి తడవకుండా దాచుకోవాలంటే కనీసం ఒక ట్రంకు పెట్టె ఉండాలి, ఆ పెట్టె పెట్టుకోవాలంటే మళ్లీ ఇల్లే ఉండాలి. రోడ్డు మీది మనిషికి ఈ వరసలో ఎక్కడా చోటు లేదు. అతనికి ప్రభుత్వ భాషలో ఉన్న పేరు నిరాశ్రయుడు, అతని కోసం ఉన్న ఏర్పాట్లు వేరే. అవి ఏమిటి, ఎంతవరకు పనిచేస్తాయి, ఎక్కడ తెగిపోతాయి అనేది ఎక్కువగా హైదరాబాద్‌ని దగ్గర పెట్టుకుని చూద్దాం.

ముందు లెక్క. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా తిరిగి, ఫుట్‌పాత్‌ల మీద, హ్యూం పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉన్నవాళ్లని లెక్కపెడితే దాదాపు 17.7 లక్షల మంది తేలారు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా దాదాపు 1.45 లక్షలు. ఒక్క రాత్రిలో తీసిన లెక్క ఇది. ఆ రాత్రి ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతున్నవాడో, లారీ మీద లోడుతో పోయినవాడో, పోలీసుల్ని చూసి సందులోకి జరిగినవాడో లెక్కలోకి రాడు. 2021లో జరగాల్సిన లెక్క ఆగిపోవడంతో ఏళ్ల తరబడి ఆ పాత అంకెల మీదే బండి నడిచింది.

ఇక షెల్టర్లు. వీటి వెనక ఒక కూల్చివేత ఉంది. 2009 డిసెంబర్‌లో, నడి చలికాలంలో, ఢిల్లీలో ఒక తాత్కాలిక షెల్టర్‌ని తీసేశారు. అప్పటికే 2001 నుంచి సుప్రీంకోర్టులో నడుస్తున్న ఆహార హక్కు కేసులోకి ఈ విషయం వెళ్లింది. 2010లో కోర్టు ఈ బాధ్యతని ఢిల్లీతో ఆపకుండా రాష్ట్రాలన్నిటికీ పెట్టింది: పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలి, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలి. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్నే పథకంగా మార్చింది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, నీళ్లు, మరుగుదొడ్డి, వంటకి వీలు, ఆడవాళ్లకి వేరేగా, కుటుంబాలకి వేరేగా, ముసలివాళ్లకీ జబ్బు మనుషులకీ ఇంకా వేరేగా అని కాగితం మీద చక్కగానే రాశారు. హైదరాబాద్‌లో ఈ పని జీహెచ్‌ఎంసీలో బస్తీల బాగోగులు చూసే యూసీడీ విభాగానిది, మిగతా పట్టణాల్లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మాది. రోజువారీ నడిపేది మాత్రం ఎక్కువచోట్ల స్వచ్ఛంద సంస్థలే. హైదరాబాద్‌లో అమన్ వేదిక లాంటివి చాలాకాలంగా ఈ పనిలో ఉన్నాయి.

లక్షకి ఒకటి లెక్కన చూస్తే 2011 నాటికే 67 లక్షలు దాటిన ఈ నగరానికి 67 షెల్టర్లు ఉండాలి. బేగంపేట ఫ్లైఓవర్ కింద ఉన్నదాన్నీ, అలాంటి మిగతావాటినీ, పెద్దాసుపత్రుల దగ్గర కట్టినవాటినీ కలిపినా ఆ లెక్కకి చాలా దూరం. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎన్ని తక్కువైనా, ఉన్న షెల్టర్లలో కూడా కొన్ని రాత్రులు మంచాలు మిగిలిపోతాయి, అదే రాత్రి దగ్గర్లోనే మనుషులు ఫుట్‌పాత్ మీద పడుకుని ఉంటారు. దీన్ని చూసి "వాళ్లకి అదే అలవాటు, చెప్పినా రారు" అని అధికారులూ అంటారు, బండి మీద పోయే మనమూ అంటాం. అలవాటు అనేది సుఖంగా దొరికే జవాబు. అసలు జవాబు వాళ్ల పని వేళల్లో ఉంది.

పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగ్‌కి పోయే మనిషి సంగతే తీసుకోండి. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఉండే మగవాళ్లకి ఇది బాగా దొరికే పని, చదువు అడగరు, ఆధార్ అడగరు, రాత్రి భోజనం అక్కడే. విందు అయిపోయి, ప్లేట్లు కడిగి, డేగిసాలు లోడు చేసి బయటపడేసరికి రాత్రి ఒంటిగంట అవుతుంది. బస్సు ఉండదు, ఆటోకి పెడితే కూలిలో సగం పోతుంది. షెల్టర్ గేటు పదికో పదకొండుకో వేసేస్తే అతనికి ఆ మంచం ఉన్నట్టా లేనట్టా? అడ్డా కూలీకి ఇదే తిరగబడి వస్తుంది. పొద్దున్నే ఆరు, ఏడు కల్లా అడ్డా మీద నిలబడకపోతే మేస్త్రీ వేరేవాణ్ని బండెక్కించుకుని పోతాడు, ఇక ఆ రోజుకి పని లేనట్టే. నాలుగు కిలోమీటర్ల అవతల మంచం, దుప్పటి, ఫ్యాను ఉన్నా అతను అడ్డా పక్కనే, మూసిన షాపు మెట్ల మీదే పడుకుంటాడు. అది లెక్క తప్పిన నిర్ణయమేమీ కాదు.

కుటుంబాల సంగతి ఇంకో రకం. మగవాళ్ల షెల్టర్ ఒకచోట, ఆడవాళ్లది ఇంకోచోట ఉంటే భార్యాభర్తలు రాత్రికి విడిపోవాలి, పదేళ్లు దాటిన మగపిల్లాడు తల్లితో ఉండాలా తండ్రితో పోవాలా అనే పంచాయితీ రావాలి. కుటుంబమంతా ఒకేచోట ఉండే షెల్టర్లు చాలా తక్కువ. పైగా పిల్లల్ని తీసుకెళ్లి హాస్టల్లో వేస్తారేమో అనే భయం ఒకటి. తాగి వస్తే రానివ్వరు. ఇది మిగతావాళ్ల కోసం పెట్టుకున్న నియమమే, తప్పు పట్టలేం. కానీ పగలంతా సిమెంటు మోసి సాయంత్రం ఒక క్వార్టర్ వేసినవాడు ఆ ఒక్క కారణంతో జనవరి చలిలో బయటే ఉంటాడు. దీనికి ఒకే నియమం పెట్టి ఊరుకోవడం కంటే గొడవ చేసినవాణ్ని ఒకలా, తూలుతూ వచ్చి మూల పడుకునేవాణ్ని ఇంకోలా చూసే షెల్టర్లు మేలు.

వీటన్నిటికంటే చిన్నదిగా కనబడే కారణం సంచి. రోడ్డు మీద బతికే మనిషి సంచి ఎప్పుడైనా దగ్గరగా చూస్తే, పైన ఒక లుంగీ, ఒక చొక్కా, దాని కింద ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన ఆధార్ జిరాక్స్, ఏదో ఆసుపత్రి ఓపీ చీటీ, సగం వాడిన మాత్రల స్ట్రిప్పు, చార్జర్, ఊళ్లో ఎవరిదో ఫోన్ నంబర్ రాసుకున్న కాగితం ముక్క ఉంటాయి. బీరువా, ఫైలు, అడ్రసు పుస్తకం, మందుల డబ్బా అన్నీ అదే. రాత్రి తల కింద అదే దిండు. పగలు పనికి పోయేటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి? తెలిసిన టీ కొట్టులో, చెట్టు కొమ్మకి, డ్రైనేజీ మూత పక్కన. పొద్దున రోడ్లు ఊడ్చేటప్పుడో, ఏ వీఐపీయో వస్తున్నాడని ఫుట్‌పాత్ ఖాళీ చేయించేటప్పుడో అది చెత్త బండి ఎక్కుతుంది. ఆ ఒక్క సంచి పోవడంతో మనిషి మళ్లీ మొదటికొస్తాడు. షెల్టర్లో తాళం వేసుకునే ఒక చిన్న గూడు ఇస్తే రాత్రికి రానివాడు కూడా పగలు వస్తాడు, స్నానం చేస్తాడు, ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటాడు, అక్కడి మనుషులతో మాట కలుస్తుంది. మంచాల సంఖ్య మీద జరిగినంత చర్చ ఈ గూళ్ల మీద జరగదు.

తిండి విషయంలో మన రెండు రాష్ట్రాలూ కొంత నయం. హైదరాబాద్‌లో 2014లో మొదలైన 5 రూపాయల భోజనం పేర్లు మారుతూ నడుస్తోంది, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లుగా మారి టిఫిన్ కూడా 5 రూపాయలకే ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో వచ్చిన అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. అక్కడ మూడు పూటలకీ కలిపి 15 రూపాయలు. ఇందులో గొప్పతనం ధరొక్కటే కాదు, ఏ కార్డూ అడగకపోవడం. వరసలో నిలబడ్డవాడికి ప్లేటు వస్తుంది, అంతే. ఇంత సూటిగా పనిచేసే సేవ నిరాశ్రయులకి ఇంకొకటి చూపించడం కష్టం. నాంపల్లి, అఫ్జల్‌గంజ్ వైపు గుళ్లూ దర్గాలూ దాతలూ పెట్టేది దీనికి తోడు. ఆకలి తీరడం వేరు, జబ్బు మనిషికి రోజూ టైముకి తిండి అందడం వేరు అన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి, లేచి క్యాంటీన్ దాకా నడవలేనివాడికి 5 రూపాయలైనా 50 అయినా ఒకటే.

ఆసుపత్రి దగ్గర కథ పూర్తిగా మారిపోతుంది. రోడ్డు మీద పడిపోయిన మనిషిని చూసి ఎవరో ఒకరు 108కి ఫోన్ చేస్తారు, బండి వస్తుంది, గాంధీకో ఉస్మానియాకో చేరుస్తారు. పేరు చెప్పలేకపోతే "అన్‌నోన్" అని రాసుకుని వైద్యం మొదలుపెడతారు. ఇంతవరకు వ్యవస్థ పనిచేసినట్టే. ఆ తర్వాత వార్డులో వచ్చే ప్రశ్న ఒకటే: "పేషెంట్ తరఫు ఎవరు?" మన పెద్దాసుపత్రులు నడిచేది డాక్టర్లు, నర్సుల మీద ఎంతో, వెంట వచ్చిన మనిషి మీద అంత. స్కానింగ్‌కి స్ట్రెచర్ తోసేది, రక్తం శాంపిల్ ల్యాబ్‌లో ఇచ్చేది, బయటినుంచి మందు తెచ్చేది, బెడ్‌పాన్ తీసేది, రాత్రి సెలైన్ అయిపోతే నర్సుని పిలిచేది అంతా ఆ మనిషే. ఎవరూ లేనివాడి స్కానింగ్ రేపటికి జరుగుతుంది, ఎల్లుండికి జరుగుతుంది. ఇది ఏ ఒక్కరి దుర్మార్గమో కాదు, మనిషికి ఎవరో ఒకరు ఉంటారనుకుని కట్టిన వ్యవస్థలో ఎవరూ లేనివాడికి గడి లేకపోవడం.

కాలు విరిగి రాడ్ వేయించుకున్నవాణ్నో, షుగర్ పుండుతో వేలు తీసేసినవాణ్నో డిశ్చార్జి చేస్తూ "ఇంటికి వెళ్లి ఆరు వారాలు రెస్ట్ తీసుకో, పుండు తడవనీయకు, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ చేయించుకో" అని చీటీ రాస్తారు. ఇంటికి అన్న దగ్గరే అంతా ఆగిపోతుంది. కోలుకుంటున్నవాళ్ల కోసం ప్రత్యేక షెల్టర్లు అని పథకంలో ఉన్నది సరిగ్గా ఈ ఆరు వారాల కోసమే, అవి చాలినన్ని లేకపోవడంతో ఆ మనిషి ఆసుపత్రి గేటు బయటే చేరి అదే పుండుతో మళ్లీ క్యాజువాలిటీకి వస్తాడు. ఆసుపత్రుల దగ్గర జీహెచ్‌ఎంసీ కట్టిన షెల్టర్లు ఉన్నాయి కదా అంటే, అవి ప్రధానంగా పేషెంట్ల వెంట వచ్చినవాళ్ల కోసం. ఆదిలాబాద్ నుంచో నారాయణపేట నుంచో పిల్లాణ్ని తెచ్చుకుని నీలోఫర్ బయట చెట్టు కింద వారం రోజులు గడిపే తల్లిదండ్రులకి అవి నిజంగా అవసరం. వాళ్లూ ఆ వారం రోజులు నిరాశ్రయులే. కానీ వాటిని చూపించి నగరంలో ఇన్ని షెల్టర్లున్నాయని మొత్తం కలిపి చెప్పడం సరి కాదు, రెండు అవసరాలూ వేరు.

చిన్నాచితకా జబ్బులకి బస్తీ దవాఖానాలు పనికొస్తాయి. 2018 నుంచి ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు, బీపీ షుగర్ మాత్రలు ఇస్తారు. పగటిపూటే తెరిచి ఉంటాయి కాబట్టి కూలికి పోయేవాడు ఒక రోజు పని మానుకోవాలి. అదొక్కటే ఇబ్బంది.

మతి చలించి తిరిగేవాళ్ల విషయంలో చట్టం చాలామంది అనుకునేదానికంటే స్పష్టంగా ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని సెక్షన్ 100 ప్రకారం, మానసిక జబ్బుతో దిక్కులేకుండా తిరుగుతున్న మనిషి కనబడితే ఆ స్టేషన్ పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లూ వాకిలీ లేని మనిషైతే మిస్సింగ్ కేసు కింద ఎఫ్ఐఆర్ కట్టి ఇంటివాళ్లని వెతకడం కూడా పోలీసుల పనే. అంటే కాలనీలో ఎవరైనా అలా కనబడితే 112కి ఫోన్ చేసి సెక్షన్ పేరు చెప్పి అడిగే హక్కు మనకి ఉంది. తెలంగాణలో ఎర్రగడ్డ, ఆంధ్రలో విశాఖ చినవాల్తేరు ఆసుపత్రులు పెద్దవి. అక్కడ మందులతో ఒకట్రెండు నెలల్లో మాట కుదుటపడి ఊరి పేరు చెప్పేవాళ్లు ఉంటారు, ఆ ఊరు ఒక్కోసారి ఒడిశాలోనో బీహార్‌లోనో ఉంటుంది. బాగైన తర్వాత తీసుకెళ్లేవాళ్లు లేక వార్డులోనే ఏళ్లు గడిచిపోవడం ఇంకో సమస్య. చౌటుప్పల్‌లోని అమ్మానాన్న అనాథాశ్రమం లాంటివి ఈ ఖాళీనే కొంత పూడుస్తున్నాయి. ప్రభుత్వం చేయాల్సిన పునరావాసం దాతల బియ్యం బస్తాల మీద నడుస్తోందన్నమాట.

మిగతా నంబర్లు తెలిసినవే అయినా వాటి వెనక ఏం జరుగుతుందో తెలిస్తే ఫోన్ చేయడం తేలికవుతుంది. ఇంట్లోంచి గెంటేసిన ముసలివాళ్లకి 14567 ఎల్డర్ లైన్ ఉంది, అది పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకే. వాళ్లని వదిలేసిన కొడుకులో కూతుళ్లో ఎవరో తెలిస్తే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌కి పోవచ్చు. ఆడమనిషి ఒంటరిగా కనబడితే 181కి ఫోన్ చేస్తే ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం పెట్టిన సఖి కేంద్రానికి చేరుస్తారు, అక్కడ ఉండనిచ్చేది కొద్ది రోజులే. పిల్లలైతే 1098. వాళ్లు పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి.

ఇక కాగితాల గోల. క్యాంటీన్‌నీ దవాఖానానీ పక్కన పెడితే దాదాపు అన్నిటికీ ఆధార్ కావాలి, ఆధార్‌కి చిరునామా కావాలి. దీనికి దారి లేదనుకుంటారు గానీ ఉంది. గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకుడు ఇచ్చే సర్టిఫికెట్‌ని ఆధార్ కేంద్రంలో తీసుకుంటారు. ఓటుకైతే ఇంకా తేలిక: చిరునామా రుజువు ఏమీ చూపక్కర్లేదు, ఓటరుగా చేరే దరఖాస్తు ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే చాలు, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా లేదా అని పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే బీఎల్ఓ రాత్రిపూట ఒకటికి రెండుసార్లు వచ్చి చూసుకోవాలి. చూడ్డానికి ఎంత బాగుందో, ఎంతమంది బీఎల్ఓలు రాత్రి పదకొండుకి ఫ్లైఓవర్ కిందికి వస్తారన్నది అంత అనుమానం. పెన్షన్‌ది ఇంకో తమాషా. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున గ్రామ, వార్డు సచివాలయం సిబ్బంది గడప దగ్గరికే తెచ్చి 4,000 చేతిలో పెడతారు. గడపే లేనివాడికి? ఊళ్లో పేరుంటే విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో రైలెక్కి పోయి తెచ్చుకోవాలి, రెండుమూడు నెలలు పోలేకపోతే పేరు ఉంటుందో లేదో తెలియదు.

ఇవన్నీ సాయం వైపు నుంచి. ఇదే మనిషిని ప్రభుత్వం ఇంకో చేత్తో కూడా పట్టుకుంటుంది. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వచ్చిన సదస్సుకి ముందు హైదరాబాద్‌లో రెండు నెలల పాటు భిక్షాటన నిషేధిస్తూ పోలీస్ ఉత్తర్వు వచ్చింది. పట్టుకున్నవాళ్లని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆనందాశ్రమాలకి తరలించారు. బిచ్చగాళ్ల ఆచూకీ చెప్పినవాళ్లకి 500 రూపాయలు ఇస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. అక్కడ తిండి పెట్టారు, బట్టలిచ్చారు, వైద్యం చేశారు, నిజమే. అయినా జైలు గోడ పక్కన పెట్టిన ఆశ్రయాన్ని ఆశ్రయం అనుకోవాలంటే ఎవరికైనా కష్టమే. ఆ తర్వాతి ఏడాది ఢిల్లీ హైకోర్టు అక్కడ భిక్షాటనని నేరంగా చూసే నిబంధనల్ని కొట్టేసింది, మన దగ్గర 1977 నాటి యాచక నిరోధక చట్టం మాత్రం ఇంకా అమల్లోనే ఉంది. రాత్రిపూట షెల్టర్ వాళ్లు రెస్క్యూ బండితో వచ్చి "రండి, దుప్పటిస్తాం" అంటే కొంతమంది లేచి ఎందుకు పరిగెడతారో ఈ చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. బండి బండే కదా, ఎవరిదో చీకట్లో ఎలా తెలుస్తుంది?

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. షెల్టర్లకి ఆధారమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ గడువు 2024 సెప్టెంబర్‌తో ముగిసింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో నిరాశ్రయుల కేసు విచారణలో కొత్త పట్టణ పేదరిక నిర్మూలన మిషన్‌ని ఖరారు చేస్తున్నామని కేంద్రం కోర్టుకి చెప్పింది. అదే విచారణలో, ఉచితాల వల్ల జనం పనికి పోవడం లేదని ధర్మాసనం వ్యాఖ్యానించడం పెద్ద వార్త అయ్యింది, మిషన్ గురించి అడిగిన ప్రశ్న లోపలి పేజీల్లో ఉండిపోయింది. పని చేయనివాళ్లని రోడ్డు మీద వెతకాలనుకునేవాళ్లు పొద్దున ఆరింటికి ఏదైనా అడ్డా దగ్గరికి వెళ్లి చూడొచ్చు. పథకం నిధుల్లో కట్టడానికి ఒక లెక్క, నడపడానికి ఇంకో లెక్క ఉంటాయి. కట్టిన గోడలు ఉంటాయి, నడిపే డబ్బు ఆలస్యమైతే ముందు తగ్గేది షెల్టర్ తరఫున రాత్రి నిరాశ్రయుల్ని వెతుకుతూ తిరిగే మనిషి. మేనేజర్, వాచ్‌మన్ ఉంటేనే షెల్టర్ తెరిచి ఉంటుంది కాబట్టి వాళ్లని తీసేయలేరు. రోడ్ల మీద తిరిగి, పేరు అడిగి, నాలుగు రోజులు టీ తాగించి, ఐదో రోజు ఆసుపత్రికి తోడు వెళ్లి, "పేషెంట్ తరఫు ఎవరు?" అంటే "నేనే" అని చెప్పి, ఆధార్ కేంద్రంలో వరసలో నిలబడే మనిషి జీతం మాత్రం బడ్జెట్లో విడిచిపెట్టదగ్గ ఖర్చులా కనబడుతుంది. పైన చెప్పిన సేవలన్నీ విడివిడిగా ఉన్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మనిషిని నడిపించుకుపోయేది అతనొక్కడే.

అతను లేనిచోట ఏమవుతుందంటే, షెల్టర్ సర్టిఫికెట్ మీద ఆధార్‌కి పెడతారు, వేలిముద్రలు వేస్తారు, కొన్నాళ్లకి కార్డు పోస్టులో షెల్టర్‌కే వస్తుంది. ఈలోపు మనిషి పని వెతుక్కుంటూ పటాన్‌చెరు వైపు సైటుకి పోయుంటాడు. ఫోన్ లేదు, ఉన్నా సిమ్ మారి ఉంటుంది. మేనేజర్ ఆ కవరు చించకుండా, వస్తే ఇద్దామని, టేబుల్ సొరుగులో మిగతా కవర్ల మీద పెడతాడు.